దేవరయాంజాల్ నేర్పిన ప్రశ్న

108 అనగానే ఎవరికైనా కళ్లముందు మెదిలేది బండి. కుయ్ కుయ్‌మంటూ దూసుకొచ్చే అంబులెన్సు, ఆదరాబాదరాగా తెరుచుకునే వెనక తలుపు, కిందికి దిగే స్ట్రెచర్. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఒక మాట: "ఎక్కడున్నారు?" ఆ మాటకు జవాబు దొరికితేనే బండి కదులుతుంది. దొరక్కపోతే ఎంత మంచి బండైనా నిలబడ్డ చోటే నిలబడి ఉంటుంది. ఇంటరాక్షన్ డిజైన్ అనే చదువులో నాకంటూ ఒక దారి దొరికింది ఆ ఒక్క మాట దగ్గరే. ఆ మాట ఎలా పుట్టిందో, ఎవరెవరి ఆలోచనలు దాని వెనక ఉన్నాయో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ పోయే దారిలో కొంపల్లి దాటాక కుడిచేతి వైపు లోపలికి వెళ్తే దేవరయాంజాల్ వస్తుంది. శామీర్‌పేట మండలం ఊరు. ఇటు నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారికి, అటు శామీర్‌పేట చెరువు పక్కనుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారికి నడుమ ఉంటుంది. 108ని నడిపే ఈఎంఆర్‌ఐ సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడే. ఇన్నేళ్లుగా ఈ రెండు రోడ్ల మీద తిరుగుతున్నవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో గానీ, తెలియాల్సిన సంగతే.

నేను పీజీ చదివేటప్పుడు ప్రాజెక్టు కింద ఆసుపత్రి అపాయింట్‌మెంటు యాప్ ఒకటి తయారుచేశాను. రంగులు, బొమ్మలు, మీటల అమరిక, అన్నీ చూసుకున్నాను. మేడ్చల్ అవతల పల్లెలో ఉండే మా నాయనమ్మ చేతికి ఫోన్ ఇచ్చి, "డాక్టర్ దగ్గరికి పోవాలంటే ఇందులో నొక్కు నానమ్మా" అన్నాను. ఆమె ఫోన్‌ను కొంచెం దూరంగా పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "దీంట్ల ఎవ్వర్ని అడగాలె బిడ్డా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అందులో అడగడానికి ఎవరూ లేరు. ఆమెకు కావాల్సింది అడిగితే చెప్పే మనిషి. నేనిచ్చింది చదువుకుంటూ పోవాల్సిన తెర. ఆమే మళ్లీ అందుకుని, పక్కింటాయనకు గుండెల్లో నొప్పి వచ్చిన రాత్రి సంగతి చెప్పింది. "నూటెనిమిదికి ఫోన్ గొట్టినం. ఏడున్నరని అడిగిండ్రు. చెప్పినం. వచ్చిండ్రు." ఏడాదిపాటు నేను చదివిన పాఠాలన్నీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్నాయి. మరునాటి నుంచి నా పరిశోధన అంశం మారింది.

ఇంటరాక్షన్ డిజైన్ అనే ఈ చదువుకు ఆ పేరు వచ్చింది 1980ల మధ్యలో. బిల్ మాగ్రిడ్జ్ అనే ఆంగ్లేయ డిజైనర్ అంతకుముందు గ్రిడ్ కంపాస్ అనే కంప్యూటర్‌కు రూపం దిద్దాడు. మూతలా ముడుచుకునే తెర ఉన్న తొలి ల్యాప్‌టాప్‌లలో అదొకటి. 1982లో బజారుకొచ్చింది. తాను మలిచిన ఆ డబ్బాను తనే వాడుతూ కూర్చున్నప్పుడు ఆయనకు ఒకటి తట్టింది. కాసేపటికి డబ్బా సంగతే మరిచిపోయి, తెర లోపల జరిగే వ్యవహారంలో మునిగిపోతున్నాడు. అయితే రూపం దిద్దాల్సింది ఆ వ్యవహారానికి కూడా అనుకున్నాడు. బిల్ వెర్‌ప్లాంక్ అనే సహచరుడితో కలిసి ఆ పనికి ఇంటరాక్షన్ డిజైన్ అని పేరు పెట్టాడు. మనిషికీ పరికరానికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడాన్ని తీర్చిదిద్దే విద్య అన్నమాట.

పేరు అప్పుడొచ్చింది గానీ పని అంతకుముందు నుంచే ఉంది. 1935 నవంబరులో లండన్ వింపోల్ వీధిలో ఒక ఇల్లు తగలబడి అయిదుగురు మహిళలు చనిపోయారు. ఎదుటివైపు ఇంటాయన ఫైర్ వాళ్లకు ఫోన్ చేయాలని చూస్తే, టెలిఫోన్ ఎక్స్చేంజి ఆయన్ను వరుసలో నిలబెట్టింది. మామూలు కాల్ ఏదో, ప్రాణం మీదికొచ్చిన కాల్ ఏదో ఆపరేటర్‌కు తెలిసే దారి లేదు. ఆ ఆక్రోశం పత్రికకెక్కింది, పార్లమెంటు దాకా పోయింది. 1937 జూన్ 30న లండన్‌లో 999 మొదలైంది. ఆ నంబరు తిప్పగానే ఎక్స్చేంజిలో ప్రత్యేకంగా గంట మోగి దీపం వెలిగేది. తొమ్మిదినే ఎందుకు ఎంచుకున్నారో చూడండి. తిప్పే డయలులో ఆ రంధ్రం చివరనున్న సున్నాకు పక్కనే ఉంటుంది. పొగలోనైనా చీకట్లోనైనా వేలితో తడిమి పట్టుకోవచ్చు. డబ్బులు వేస్తేగానీ పలకని వీధి ఫోన్లలో కూడా చిన్న మార్పుతో ఆ అంకెను ఉచితం చేయవచ్చు. అమెరికాలో 911 వచ్చింది 1968లో.

మన దగ్గర పోలీసుకు 100, ఫైర్‌కు 101, అంబులెన్సుకు 102 అని పుస్తకాల్లో చదువుకున్నవాళ్లమే. కానీ 102కు ఫోన్ చేస్తే బండి వచ్చి తీరుతుందన్న నమ్మకం పల్లెల్లో ఎవరికుండేది? నెప్పులు మొదలైన అమ్మాయిని ట్రాక్టరులో వేసుకుపోయేవారు. రోడ్డు మీద పడినవాణ్ని ఏ లారీ వాడో దయతలచి తీసుకుపోతే తీసుకుపోయినట్టు. పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని ముట్టుకోవడానికే భయపడేవారు.

2005లో సత్యం కంప్యూటర్స్ అధిపతి బి. రామలింగరాజు లాభాపేక్ష లేని సంస్థగా ఈఎంఆర్‌ఐని నెలకొల్పారు. ఆ ఏడాది ఆగస్టు 15న 108 సేవ మొదలైంది. జపమాలలో పూసలు నూటెనిమిది, అష్టోత్తరంలో నామాలు నూటెనిమిది. బడికి పోనివాళ్ల నోట కూడా ఎప్పటి నుంచో నానుతున్న అంకె అది. కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా, అప్పటికే గుర్తున్నదాన్నే ఎత్తి చేతికివ్వడం డిజైన్‌లో చాలా పెద్ద మెలకువ. నేను గమనించిన ఇంకొకటి: అప్పట్లో అందరి చేతుల్లో ఉన్నవి మీటల ఫోన్లు. వాటి మీద ఒకటి పై మూలన, సున్నా కింది వరుస నడుమ, దాని నెత్తినే ఎనిమిది. కళ్లు మూసుకుని నొక్కి చూడండి, తప్పు పోదు. దీన్ని ఎవరైనా లెక్కవేసి పెట్టారని నేననడం లేదు, కలిసొచ్చింది అంతే. కరెంటు పోయిన రాత్రి వణికే వేళ్లకు మాత్రం అది ఎంతో మేలు.

తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. ప్రభుత్వం డబ్బు, సంస్థ నిర్వహణ, ఈ ఏర్పాటుతో బండ్లు రాష్ట్రమంతా తిరిగాయి. గుజరాత్, ఉత్తరాఖండ్, తమిళనాడు వంటి రాష్ట్రాలూ అదే నంబరును, అదే పద్ధతిని తీసుకున్నాయి.

ఈఎంఆర్‌ఐ పాలకమండలిలో కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి పనిచేశారన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పుడు, విడివిడిగా చదువుకున్న రెండు పాఠాలు ఒకటైనట్టనిపించింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన మనిషి. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ పూర్తిచేశారు. ఎంచుకున్న అంశం కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేయడం. గది నిండా యంత్రాలు, రంధ్రాల కార్డులు ఉన్న కాలంలో! ఆ ఒక్క దారినే దశాబ్దాల తరబడి పట్టుకున్నారు. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అక్షరం రానివాడికే అందరికంటే శక్తిమంతమైన కంప్యూటర్ కావాలన్నది ఆయన వాదన. చదువుకున్నవాడు ఎలాగో తంటాలు పడతాడు. చదువు లేనివాడికైతే యంత్రమే మాట వినాలి, మాట చెప్పాలి. 2004 ప్రాంతంలో టీవీ, కంప్యూటర్, వీడియో ఫోన్ కలిపి రిమోట్‌తో నడిచే పీసీటీవీటీ అనే యంత్రాన్ని ప్రతిపాదించింది కూడా ఈ ఆలోచనతోనే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలకమండలికీ ఆయనే చాలాకాలం అధ్యక్షులు.

ఆయన బృందం 1970లలో కట్టిన హియర్‌సే అనే వ్యవస్థ పనిచేసే తీరు నాకు మహా ఇష్టం. మాట అనేది ఎప్పుడూ పూర్తిగా వినపడదు. కొన్ని శబ్దాలు మింగేస్తాం, కొన్ని గాలికి పోతాయి. అందుకని అందులో శబ్దం తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసిన భాగం ఒకటి, వ్యాకరణం తెలిసిన భాగం ఒకటి, విషయం తెలిసిన భాగం ఒకటి ఉంటాయి. అన్నీ తమ తమ ఊహలను ఒకే నల్లబల్ల మీద రాస్తాయి. ఒకదాని ఊహను ఇంకొకటి బలపరుస్తుంది, లేదా కొట్టేస్తుంది. చివరికి మిగిలిందే అర్థం.

108 కాల్ ఎత్తే అమ్మాయి చెవిలో హెడ్‌సెట్ పెట్టుకుని చేసే పనీ అచ్చం ఇదే. అవతల కాల్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

"మేడమ్, జల్ది రాండ్రి, మా అన్నకు పాము గరిచింది!"

"ఎక్కడున్నారండీ?"

"పొలం కాడ."

"ఏ ఊరు?"

"కొత్తపల్లి."

తెలుగునాట కొత్తపల్లి లేని జిల్లా వెతికినా దొరకదు. వెంకటాపురాలు, రామచంద్రాపురాలు సరేసరి. అందుకే ఊరి పేరుతో పని కాదు. జిల్లా, మండలం, ఊరు, ఆ తర్వాత గుర్తు. ఈ వరుసలో పట్టుకుంటేనే మనిషి దొరుకుతాడు. కానీ కంగారులో ఉన్నవాడు ఆ వరుసలో చెప్పడు. ముందు నొప్పి చెబుతాడు, తర్వాత ఏడుస్తాడు, ఆ తర్వాత "కట్ట మైసమ్మ గుడి కాడ" అంటాడు. తెలంగాణలో చెరువు కట్ట ఉందంటే మైసమ్మ ఉన్నట్టే. శామీర్‌పేట చెరువుకూ ఉంది, పది మైళ్ల అవతలి చెరువుకూ ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. నిన్నటిదాకా రంగారెడ్డి జిల్లా అని చెప్పిన నోటికి మేడ్చల్-మల్కాజిగిరి అని రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద పడిపోయినవాడికైతే ఊరే ఉండదు. రెండు వైపులా ఒకేలా సాగిపోయే రోడ్డు, ఎక్కడో ఒక కిలోమీటరు రాయి.

ఇక్కడే నాకు 108లోని అసలైన ఆవిష్కరణ కనబడింది. మొదట్లో ఫోన్‌లోంచి స్థలం దానంతటదే తెలిసే ఏర్పాటు లేదు. స్థలం మాటలోంచే రావాలి. అందుకని మాటను మలిచారు. నొక్కాల్సిన మెనూ లేదు. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" లేదు. ఒకటి రెండు రింగుల్లోనే మనిషి పలకాలి. ఎదుటివాడు ఎటు నుంచి మొదలుపెట్టినా, అడిగే మనిషి దగ్గర వరుస ఉండాలి. క్రమశిక్షణ ఫోన్ చేసినవాడి మీద మోపకుండా ఫోన్ ఎత్తినవాళ్ల మీద పెట్టుకున్నారు. ఇందులో ఉన్న మర్యాద నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. మన ఆఫీసుల్లో, యాప్‌లలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. ఫారం వాళ్లకు అనుకూలం, నింపే కష్టం మనది.

వివరాలు తెరమీదికి ఎక్కగానే డిస్పాచ్‌లో ఉన్నవారు దగ్గరి బండిని పట్టుకుంటారు. బండిలో ఇద్దరుంటారు: వైద్య సాయం చేసే ఈఎంటీ, నడిపే పైలట్. డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. ఆ పిలుపులోనే ఆ పనికిచ్చిన గౌరవం ఉంది. కేంద్రంలో కూర్చున్న డాక్టర్ ఫోన్‌లోనే ఈఎంటీకి సలహా చెబుతారు. 2007లో స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాల వాళ్లు ఈ సిబ్బంది శిక్షణలో చేయి కలిపారు. ఎక్కువ కాల్స్ రోడ్డు ప్రమాదాలవని చాలామంది అనుకుంటారు. కాదు, అన్నింటికంటే ఎక్కువ కాన్పులవి. బండిలోనే పుట్టిన పిల్లలు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు.

రోగిని ఆసుపత్రిలో దించాక పని అయిపోదు. 48 గంటల తర్వాత మళ్లీ ఫోన్ చేసి, "ఎలా ఉన్నారు?" అని కనుక్కోవడం ఈ పద్ధతిలో భాగం. మొదటి ప్రశ్న ఎక్కడున్నారు, చివరి ప్రశ్న ఎలా ఉన్నారు. డిజైన్ పాఠ్యపుస్తకాలు ఫీడ్‌బ్యాక్ అని పేజీలకు పేజీలు రాస్తాయి. మన ఇంట్లో పెద్దవాళ్లు ఊరికి పోయినవాడికి ఫోన్ చేసి "చేరినవా?" అనడం లాంటిదే అది.

ఇదంతా సాఫీగా సాగిపోలేదు. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడినప్పుడు ఈఎంఆర్‌ఐ భవిష్యత్తే ప్రశ్నార్థకమైంది. ఆ ఏడాదే జీవీకే గ్రూపు బాధ్యత తీసుకుంది. పెద్ద కుంభకోణం నడుమ కూడా నంబరు ఆగలేదు, ఎందుకంటే అప్పటికే అది ఎవరో ఇచ్చిన దానంగా కాక, జనం తమ హక్కుగా చూసే స్థితికి వచ్చింది. సిబ్బంది కష్టాలు వేరు. జీతాల కోసం, పని గంటల కోసం 108 ఉద్యోగులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. గంటల తరబడి ఏడుపులు విని, తిట్లు పడి, ఆకతాయి కాల్స్‌ను కూడా మర్యాదగా తెంపాల్సిన మనుషులు వాళ్లు. ఈ సేవను వాడేవాడి సుఖం గురించి రాసే పరిశోధకులు నడిపేవాడి అలసట గురించి రాయడం తక్కువ. నా దృష్టిలో అది పెద్ద లోపం. సామాజిక బాధ్యత అనేది ఫోన్ చేసే వైపు ఒక్కటే ఉండదు.

నా దారి స్థిరపడటానికి బెంగళూరు నుంచి ఇంకో ఆసరా దొరికింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఇంద్రాణి మేధి ఇళ్లలో పనిచేసే మహిళల కోసం అక్షరాలు లేని తెరను తయారుచేశారు. ఫోటోలకంటే, మరీ సంకేతాల్లాంటి గుర్తులకంటే, కాస్త వివరంగా గీసిన బొమ్మలే వాళ్లకు బాగా తెలిశాయట. అంతకంటే నన్ను ఆపింది ఇంకొక సంగతి. బొమ్మలు తెలిసినా వాళ్లు ముందుకు సాగలేదు. ఈ పెట్టెలో నాకు ఉద్యోగం ఎలా ఉంటుంది, దీని వెనక ఎవరున్నారు అన్నది వాళ్లకు అంతుపట్టలేదు. యజమానురాలు ఎలా అడుగుతుంది, ఆ సంగతి పెట్టెలోకి ఎలా వస్తుంది అని మొత్తం కథను వీడియోగా చూపించాకే ధైర్యంగా ముట్టుకున్నారు. అది చదివినప్పుడు మా నానమ్మ గొంతు వినిపించింది. ఎవ్వర్ని అడగాలె బిడ్డా?

1958లో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మన చెంబును ఎంతో మెచ్చుకున్నారు. దాన్ని ఒక్క మనిషి డిజైన్ చేయలేదు, తరాలు చేశాయి. దాన్ని మళ్లీ తయారుచేయాలంటే నీళ్లెన్ని పట్టాలి, చంకన ఎలా ఆనాలి, వంచితే ధార ఎలా పడాలి అని వరుసగా ప్రశ్నలు వేసుకుంటూ పోవాలన్నారు. పరిశోధన దారి వెతుక్కునే విద్యార్థులు నన్ను అడిగితే నేను చెప్పేదీ అదే. టెక్నాలజీ పేరుతో మొదలుపెట్టకండి. మేడ్చల్ బస్టాండులోనో, శామీర్‌పేట ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీల కిటికీ దగ్గరో ఒక పూట కూర్చోండి. జనం ఏ ప్రశ్న దగ్గర తడబడుతున్నారో రాసుకోండి. ఏ తడబాటు మిమ్మల్ని ఇంటికొచ్చాక కూడా వదలదో అదే మీ అంశం.

నా పని ఇప్పటికీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే. పల్లెలో మనుషులు చోటును ఎలా చెబుతారు, వేపచెట్టు, నీళ్ల ట్యాంకు, పీర్ల చావిడి, కల్లు కంపౌండు, ఏ గుర్తు ఎంత దూరం వరకు పనిచేస్తుంది, కొత్తవాడికి ఏది అర్థమవుతుంది. ఫోన్లలో ఇప్పుడు స్థలం తెలిసే ఏర్పాట్లు వచ్చాయి. దేశమంతటికీ 112 వచ్చింది. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ మీటను మూడుసార్లు గబగబా నొక్కినా, మామూలు ఫోన్‌లో 5నో 9నో నొక్కిపట్టినా అత్యవసర కాల్ పోవాలని నిబంధన కూడా ఉంది. అయినా సిగ్నల్ సరిగా లేని పొలం గట్టున, మ్యాపు ఎక్కని గల్లీలో, పైలట్ చివరి అరకిలోమీటరు దాటేది మాట సాయంతోనే.

కాబట్టి ఈ వ్యాసం చదివాక ఒక పని చేయండి. మన ఇల్లు ఎక్కడుందని అడిగితే ఏం చెబుతారో ఇంట్లో అందరినీ, ముఖ్యంగా పిల్లలనీ పెద్దవాళ్లనీ అడిగి చూడండి. జిల్లా, మండలం, ఊరు, వీధి, కొత్తవాడికి కూడా కనిపించే ఒక గుర్తు, ఈ వరుసలో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. చదవడం రానివాళ్లకు పాటలా నేర్పండి. అద్దె ఇల్లు మారితే మొదటి రోజే కొత్త కాగితం అంటించండి.